బొల్లి, శబల, టామీ: నలుపు తెలుపుల కుక్కకు నామకరణము

మనుష్యనామములను గూర్చియు, గ్రామనామములను గూర్చియు మన విశ్వవిద్యాలయములలో పరిశోధనములు పెక్కు జరిగినవి. పెంపుడు జంతువుల పేళ్లకు మాత్రము అంతటి ఆదరము లభింపలేదు. ఇది చిన్న విషయమని పలువురు తలతురు. కాని బిడ్డకు పేరు పెట్టునపుడు నక్షత్రము, వంశము, దైవము, పెద్దల యిష్టము అడ్డుపడును. కుక్కపిల్లకు పేరు పెట్టునపుడు ఇవేవియు లేవు. కంటికి కనబడినదే నోటికి వచ్చును. కావున భాష పేరును పుట్టించు తీరు ఇచ్చట మరుగు లేక కానవచ్చును.

ఈ వ్యాసమునకు ప్రేరకమైన సంఘటనము బీబీపేటలో జరిగినది. బీబీపేట నేడు కామారెడ్డి జిల్లాలో నొక మండలకేంద్రము. 2016 అక్టోబరు 11వ తేదీన ఆ జిల్లా ఏర్పడువరకు అది నిజామాబాదు జిల్లాలోని దోమకొండ మండలములో నుండినది. ఆ యూర మా బంధువుల యింటికి ఒక కుక్కపిల్ల వచ్చినది. మేనంతయు నలుపు, నొసటను, రొమ్మునను, పాదములందును తెలుపు. పేరు విషయమున ఇంటిలో మూడు పక్షము లేర్పడినవి. బడిపిల్లలు 'టామీ' యనిరి. సంస్కృతము చదువుచున్న యువకుడు 'శబల' యనెను. ఇంటి ముదుసలి మాత్రము నవ్వి, “దానికి వేరే పేరెందుకు బిడ్డా, అది బొల్లిదే గదా!” అని తేల్చివేసినది. పిల్లలు ఒప్పుకొనలేదు. బొల్లి యనగా చర్మవ్యాధి కదా యని వారి యాక్షేపము. అది పేరు కాదు, రంగు చెప్పుట మాత్రమే యని యువకుని యాక్షేపము. ముదుసలి పలికినది పేరా, వర్ణనమా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే మా ప్రయత్నము.

మహాభాష్యకారుడైన పతంజలి శబ్దముల ప్రవృత్తిని జాతి, గుణము, క్రియ, యదృచ్ఛ అని నాలుగు తెరగులుగా విభజించెను. 'కుక్క' జాతిశబ్దము. 'బొల్లి', 'శబల' గుణశబ్దములు. చేయు పనిని బట్టి వచ్చిన పేరు క్రియాశబ్దము. ఏ యర్థమును అపేక్షింపక, పెట్టినవారి యిచ్ఛ మాత్రమే ఆధారముగా గలది యదృచ్ఛాశబ్దము. మన పల్లెలోని 'టామీ' యట్టిది. అయినను గుణశబ్దము ఎప్పుడు సంజ్ఞ యగును? ఎప్పుడు కేవలము విశేషణముగా నిలిచిపోవును? ఈ విషయమున శబలశబ్దము చరిత్రయే మనకు మంచి సాక్ష్యము.

ఋగ్వేదము పదవ మండలములోని పదునాలుగవ సూక్తమున యముని కుక్కలు రెండు వర్ణింపబడినవి. అవి సరమ సంతతి. నాలుగు కన్నులు గలవి. ఆ నాలుగు కన్నులు, కనులపై నుండు రెండు మచ్చలను కూడ లెక్కించి చెప్పిన మాట యని పలువురు వ్యాఖ్యానించిరి. నల్లకుక్కల నొసట అట్టి మచ్చలను నేటికిని చూడవచ్చును. గమనింపదగిన దేమనగా, ఆ సూక్తములో శబలపదము ద్వివచనమున ఉన్నది. అనగా రెండు కుక్కలును శబలములే. ఇచ్చట ఆ పదము విశేషణమే కాని పేరు కాదు. తరువాతి కాలమునకు చెందిన కౌషీతకిబ్రాహ్మణమున పరిస్థితి మారినది. అందు ఒక కుక్క శ్యామము, రెండవది శబలము. శబలము పగలు, శ్యామము రాత్రి యని వివరణము. గృహస్థులు చేయు బలికర్మలోను ఈ రెండు పేళ్లతోనే యముని కుక్కలకు అన్నము పెట్టు ఆచారము కలదు.

ఈ మార్పునకు కారణ మేమి? రెండును శబలములైనంతవరకు ఆ పదము ఒకదానిని మరియొకదానినుండి వేరుచేయజాలదు. ఒకటి నల్లనిదై, రెండవది మాత్రమే శబలమైనపుడు ఆ పదమునకు వేరుచేయు శక్తి వచ్చినది. శాస్త్రపరిభాషలో దీనిని వ్యావర్తకధర్మ మందురు. గుణము వ్యావర్తకమైనపుడే నామమగును. ఇదియే ఈ వ్యాసమునకు ప్రధానసూత్రము.

ఈ సూత్రమును తెనుగు మాటలకు అన్వయింతము. అమరకోశము శబలమునకు చిత్రము, కల్మాషము, కర్బురము, కిర్మీరము, ఏతము అను పర్యాయములను చెప్పినది. ఇవన్నియు పలువన్నెల కలయికను తెలుపును. తెనుగువాడు అట్లు కలగలిపి చూడక, మచ్చ యెచ్చట నున్నది, ఎట్లున్నది యని చూచెను. నొసటనో మేనిపైననో తెలుపు గలది బొల్లి. చిన్న గుర్తు చుక్క, పెద్దది మచ్చ. మేనెల్ల చిమ్మినట్లుండునది పొడ. పొడదుప్పి యను పేరు ఇట్లు వచ్చినదే. నిలువుగా సాగినది చార. ఇక నలుపునకు కర్రి, ఎరుపు కలిసిన లేత వన్నెకు పుల్ల అనునవి పశువుల కాపరులకు నిత్యవ్యవహారములు. కోడిపందెములవారు కాకి, డేగ, నెమలి, సేతువు, పింగళ అని ఈకల వన్నెను బట్టి కోళ్లను వేరుపరచుటయు ఈ సంప్రదాయములోనిదే.

నల్లమల ప్రాంతమున పొడ తూర్పు అను గోజాతి కలదు. అది జాతీయముగా నమోదైన దేశీయ గోజాతులలో నొకటి. మేనిపై పొడలుండుటచేత ఆ పేరు వచ్చినది. మందలోని పశువులన్నియు పొడలు గలవే యగుటచే 'పొడ' యనునది అచ్చట జాతిని తెలుపును గాని ఒక యావును తెలుపజాలదు. ఋగ్వేదములోని రెండు శబలముల స్థితి యెట్టిదో దీని స్థితియు నట్టిదే. బీబీపేటలో నల్లకుక్కలు పెక్కులు. నొసట తెలుపు గలది మా బంధువుల యింటిలోని దొక్కటియే. మేనిలో మూడువంతులు నలుపైనను ముదుసలి దానిని కర్రి యనలేదు; కొద్దిపాటి తెలుపును పట్టుకొని బొల్లి యన్నది. హెచ్చుగా నున్న రంగును గాక వేరుచేయు రంగును ఆమె యెన్నుకొనినది. కావున అది వర్ణనము కాదు, నామకరణమే.

కుక్కకు అసలు పేరేల యని యడుగువారు కూడ నుందురు. మన వాఙ్మయములో పేరులేని కుక్కలే హెచ్చు. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట చివరివరకు నడచిన కుక్కకు పేరు లేదు. ఆదిపర్వమున జనమేజయుని యజ్ఞవాటికలో దెబ్బలు తిన్న కుక్కపిల్ల తల్లి పేరిట సారమేయ మైనదే గాని తనకంటూ వేరు పేరు గలది కాదు. పేరు గల కుక్కకు కలుగు గౌరవమెట్టిదో కన్నడదేశములోని ఆతకూరు శాసనము చెప్పును. తక్కోలము యుద్ధమున చోళ రాజాదిత్యుడు మడిసిన పిమ్మట, గంగరాజు బూతుగుడు తన సేవకుడైన మణలేరుని వరము కోరుమనగా, అతడు రాజు వేటకుక్కను కోరెను. దాని పేరు కాళి. అది ఒక యడవిపందితో పోరి, దానిని చంపి తానును చచ్చినది. శకవర్షము 872, అనగా క్రీ.శ. 949-50లో, దానికి శిల నిలిపి, భూమి యిచ్చి, పూజ యేర్పరచిరి. కాళి యను పేరు నలుపును, దేవిని రెంటిని స్ఫురింపజేయును. వేయేండ్లు గడచినను ఆ జంతువును మనము గుర్తింపగలుగుటకు ఆ రెండక్షరములే ఆధారము. బీబీపేట ప్రాంతమునకు ఈ గౌరవము పరాయిది కాదు. ఆ జిల్లాలోనే రామారెడ్డి మండలమున ఇసన్నపల్లిలో కాలభైరవుని ఆలయము ప్రసిద్ధము. ఆ స్వామికి వాహనము కుక్కయే.

ఇట్టి ఆలోచన మన దేశమునకే పరిమితము కాదు. గ్రీకు రచయిత జెనొఫన్ తన వేటగ్రంథమున కుక్కలకు పిలుచుటకు వీలగు పొట్టి పేళ్లు పెట్టుమని చెప్పి, నలుబదియేడు పేళ్లను పేర్కొనెను. రోమక వ్యవసాయశాస్త్రజ్ఞుడు కొలుమెల్లా మందకుక్క తెల్లనిదిగా నుండవలెననియు, ఇంటి కావలికుక్క నల్లనిదిగా నుండవలెననియు చెప్పి, రెండు వన్నెల కుక్కను ఏ పనికిని మెచ్చలేదు. రోమక కవి ఓవిడ్ ఆక్టియోనుని వేటకుక్కలను పేరు పేరున చెప్పినపుడు, తెల్లనిదానికి ల్యూకాన్, పొడలదానికి స్టిక్టే అని వన్నెను బట్టి పేళ్లిచ్చెను. అయినను నల్లని నొసటి నడుమ తెల్లమచ్చ గలదానికి, అనగా మన బొల్లికి సరియైనదానికి, హార్పలోస్ అను పేరు వచ్చినది. దాని యర్థము పట్టి లాగునది యని. గుణము కంటికి కనబడుచుండగా క్రియను బట్టి పేరు పెట్టుట కిది ప్రాచీనోదాహరణము.

క్రియానామమునకు మన యిండ్లలోనే ఉదాహరణము కలదు. గ్రామఫోను రికార్డులపై బాకా ముందు కూర్చుండిన తెల్లకుక్కను, దాని నల్లని చెవిని ఎరుగని తెలుగువారు ఒకప్పుడు అరుదు. 1884లో పుట్టిన ఆ కుక్క పేరు నిప్పర్. ఇంటికి వచ్చువారి కాళ్లను కొరుకు నలవాటుచే ఆ పేరు వచ్చినది. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో ఎగసిన కుక్కను మొదట ఉంగరాల జుట్టుదియను అర్థమున కుద్ర్యావ్కా యని పిలిచిరి, అది గుణనామము. లోకమునకు తెలిసిన లైకా యనగా మొరుగునది, అది క్రియానామము.

ఇక 'టామీ' విషయము. అది థామస్ అను మనుష్యనామమునకు ముద్దుపేరు. ఆంగ్ల సిపాయిని కూడ ఆ పేరుతోనే పిలిచెడివారు. ఉర్దూ, హిందీల నుండి వచ్చిన మోతీ ముత్యమను అర్థముతో తెలుపును సూచింపగలదు; టామీకి మన పల్లెలో ఆ మాత్రపు అర్థమును లేదు. అయినను దానిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. అర్థము లేకపోవుట యదృచ్ఛానామమునకు లోపము కాదు. నల్లదానికిని తెల్లదానికిని అది యొక్కటే యగుటచేత, దానిని విన్నవారికి కుక్క యెట్టిదో తెలియదు, అంతియే భేదము.

పిల్లల యాక్షేపమునకును సమాధానము చెప్పవలసియున్నది. బొల్లి యను మాట మనుష్యుల యెడ వాడినచో నొప్పించును. ఆ వాడుకను విడుచుటయే మంచిది. పశువుల యెడ ఆ మాటలో నింద లేదు. బొల్లావు అన్నవాడు ఆవును దూషించుట లేదు, గుర్తించుచున్నాడు. నేటి పిల్లలకు వ్యాధి యొక్కటే తోచుటకు కారణము స్పష్టము. దుక్కిటెడ్ల స్థానమున ట్రాక్టరు వచ్చినది. దొడ్డిలో పది పశువులుండిన యింట నేడొక్కటియు లేదు. పశువుతోపాటు పశువును వేరుచేయు మాటయు పోయినది. రెండర్థములు గల పదమున కొక యర్థము కాలగర్భమున కలియగా, మిగిలిన యర్థమే దాని కళంకమైనది.

ఉచ్చారణదృష్టితో చూచినను బొల్లి, చుక్క, మచ్చ అనునవి తగిన పేళ్లే. రెండేసి యక్షరములు, నడుమ ద్విత్వము. సంబోధనమున తుదియచ్చు దీర్ఘమై బొల్లీ, చుక్కా యని దూరమునకు వినబడును. బొల్లి యనునది ఆడదానికిని మగదానికిని చెల్లును. జెనొఫన్ కోరిన పొట్టిదనము ఈ మాటలలో సహజముగనే కలదు. శబల పేరు ప్రాచీనమే గాని, పొలము గట్టుపై నుండి పిలుచుటకు మూడక్షరములు కొంత భారము.

బీబీపేట యను పేరునే చూడుడు. బీబీ యనునది పారసీకము నుండి ఉర్దూ ద్వారా వచ్చిన స్త్రీగౌరవవాచకము. పేట తెనుగు మాట. రెండు భాషల రెండు వన్నెలు అందున్నవి. ఆ యూరివా రెవ్వరును దానిని రెండు ముక్కలుగా వినరు. అది వారికి ఊరు. రూఢి యనగా నిదియే. బొల్లి యన్న పిలుపునకు కుక్కపిల్ల తల యెత్తిన క్షణమున ఆ మాట రంగును వదలి సంజ్ఞ యైనది. పిల్లలు నాలుగు దినములు టామీ యని పిలిచిరి. అది అన్నము పెట్టిన ముదుసలి పిలుపునకే పలికినది. నేడు పిల్లలును బొల్లీ యనియే పిలుచుచున్నారు.

పరిశోధకవిద్యార్థులకు మా మనవి యొక్కటి. మీ మీ గ్రామములలో పశువులకు, మేకలకు, గొర్రెలకు, కుక్కలకు వాడిన వన్నెమాటలను ఇప్పుడే సేకరింపుడు. ఏ మచ్చకు ఏ మాట వాడుదురో జంతువును చూపి యడిగి వ్రాసికొనుడు; నిఘంటువులో తెలుపు, నలుపు అని యున్నంతమాత్రమున చాలదు. ఆ మాటలు తెలిసిన పెద్దలు నేడు అరుగులమీద నున్నారు. వారి తరము దాటిన పిమ్మట మనకు మిగులునది అమరకోశములోని ఆరు పర్యాయములు మాత్రమే.