ఎండలో పరుగు: ఆపాల్సింది ఎవరు?

ఎండలు ముదిరితే మారథాన్లు రద్దు చెయ్యాలా వద్దా అనే వాదన విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మారథాన్ కాదు, సరూర్‌నగర్. పక్కనే దిల్‌సుఖ్‌నగర్ నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. తెల్లారగట్ల స్టేడియం వైపు వెళితే పరిగెత్తేవాళ్ళు రెండు రకాలు. బొజ్జ తగ్గించుకుందామని వచ్చిన నాబోటి సాఫ్ట్‌వేరు బాపతు ఒకటి, కానిస్టేబుల్ కొలువు కోసం ఊరొదిలి వచ్చిన పిల్లలు రెండోది. ఎండెక్కితే మేము ఇంటికెళ్ళి కాఫీ తాగుతాం. వాళ్ళకా వీలు లేదు.

కాస్త వెనక్కి వెళ్దాం. 1904 సెయింట్ లూయీ ఒలింపిక్స్‌లో మారథాన్‌ని ఆగస్టు నెలలో, మధ్యాహ్నం మూడింటికి మొదలెట్టారు. సుమారు 32 డిగ్రీల ఎండ, దుమ్ము రోడ్డు, దారిలో నీళ్ళు ఒకటి రెండు చోట్ల మాత్రమే. నీళ్ళు తగ్గిస్తే మనిషి ఏమవుతాడో చూద్దామని నిర్వాహకుడికి సరదా! 32 మంది మొదలెడితే 14 మంది పూర్తిచేశారు. గెలిచిన థామస్ హిక్స్‌కి దారిలో కోడిగుడ్డు సొనతో పాటు స్ట్రిక్నిన్ అనే విషం కూడా ఇచ్చారు, ఉత్సాహం కోసమట.

బుద్ధి వచ్చింది ఆటల్లో కాదు, సైన్యంలో. అమెరికా మెరైన్ శిబిరాల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళు వడదెబ్బకి కూలిపోతుంటే 1950లలో ఒక కొత్త లెక్క కట్టారు. మామూలు థర్మామీటర్‌కి 10 శాతం, ఎండకి పెట్టిన నల్లగోళానికి 20, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌కి 70. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది, గాలిలో తేముంటే అది ఆరదు. అందుకే ఒక్క డిగ్రీలు చూసి లాభం లేదు. 2019లో దోహాలో మహిళల మారథాన్‌ని అర్ధరాత్రి పెట్టినా 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. 2011లో మొదలైన మన హైదరాబాద్ మారథాన్ కూడా జరిగేది ఆగస్టులోనే. మే నెల ఎండ ఉండదు, ఉక్క మాత్రం ఉంటుంది.

నాకు నచ్చింది ఆ లెక్క కన్నా దాని వెనకాలొచ్చిన జెండా. లెక్క హద్దు దాటితే నల్లజెండా ఎగరేసి కసరత్తు ఆపేస్తారు. "నీకెలా ఉంది బాబూ" అని కుర్రాణ్ణి అడగరు. అడిగితే బానే ఉందంటాడు, రిలీజ్ ముందురోజు మేం చెప్పినట్టే. 2007 అక్టోబరులో షికాగో మారథాన్‌ని 31 డిగ్రీల వేడికి సగంలో ఆపేస్తే, ఆగమన్నా వినకుండా పరిగెత్తినవాళ్ళున్నారు. వాళ్ళకి పోయేది ఒక మెడల్, అంతే. ఉద్యోగమే పోతుందంటే ఎవడాగుతాడు?

ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుల్ పోస్టుకి మగవాళ్ళు 5 కిలోమీటర్లు పరిగెత్తాల్సి వచ్చేది. ఆ పరుగులో అభ్యర్థులు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలున్నాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తీసేసి 800 మీటర్లు పెట్టింది. ఇది మంచి పని, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. 2022 నోటిఫికేషన్లో మళ్ళీ 1600 మీటర్లయింది కానీ పరీక్షలు డిసెంబర్ చలిలో మొదలుపెట్టారు. జార్ఖండ్‌లో 2024 ఆగస్టులో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళకి గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెడితే పది మందికి పైగా చనిపోయారు. అప్పుడు మూడు రోజులు ఆపి, ఉదయం 9 దాటాక పరుగు పెట్టొద్దన్నారు.

కాబట్టి రద్దు చెయ్యాలా అంటే, మారథాన్‌కైతే నిస్సంకోచంగా చెయ్యొచ్చు, డబ్బులు వెనక్కిస్తే సరి. కొలువు పరుగు రద్దయితే మాత్రం వయోపరిమితి అంచున ఉన్నవాడి గతేంటి? అందుకని పరుగు ఆపే హద్దునీ, ఆపిన రోజు మైదానంలో ఉన్న ప్రతివాడికీ ఇంకో తేదీ ఇస్తామన్న మాటనీ నోటిఫికేషన్లోనే రాసెయ్యాలి. హాల్ టికెట్ మీద రూల్స్ ఎలాగూ బోలెడన్ని ఉంటాయి, ఇంకో రెండు లైన్లు పట్టవా?