ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో చిన్న తరగతుల హోంవర్కు: పరికరాల కొరత, పూర్వాపరాలు

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలోను, వాటి చుట్టుపక్కల గల కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం, గోనెగండ్ల మండలాలలోను ఒకటి నుండి ఐదవ తరగతి వరకు చదివే బాలబాలికలకు హోంవర్కు నిమిత్తం తగిన పరికరాలు ఏ మేరకు అందుతున్నవనే విషయమై పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఈ వ్యాసం రూపొందించడమైనది. ఈ విషయం చర్చకు వచ్చినపుడు ఎన్ని ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నదన్న ఒక్క లెక్కనే ఆధారంగా తీసుకోవడం పరిపాటి. పిల్లల చదువు గురించి ఆ లెక్క చెప్పేది స్వల్పం. ఫోను ఇంటి ఉమ్మడి వస్తువు. హోంవర్కు మాత్రం పొద్దుగూకిన తరువాత ఒక బిడ్డ కూర్చొని చేయవలసిన పని. ఆ వేళకు ఆ ఫోను ఎవరి జేబులో, ఏ ఊరిలో ఉన్నదన్నదే విచారించవలసిన అంశం.

పాఠశాలలు మూతబడిన కాలం

ఈ సమస్య అందరి దృష్టికి వచ్చినది కోవిడ్ కాలంలోనే. రాష్ట్రంలో విద్యాసంస్థలు 2020 మార్చి 19 నుండి మూతబడినవి. తొమ్మిది, పది తరగతులు అదే సంవత్సరం నవంబరు 2న పునఃప్రారంభం కాగా, ప్రాథమిక తరగతుల పిల్లలు 2021 ఫిబ్రవరి 1 వరకు వేచియుండవలసి వచ్చినది. రెండవ ఉధృతి కారణంగా ఏప్రిల్ 20 నుండి ఒకటి మొదలు తొమ్మిదవ తరగతి వరకు మరల సెలవులు ప్రకటించబడినవి. 2021 ఆగస్టు 16న బడులు తిరిగి తెరుచుకున్నవి. అనగా 2020లో ఒకటవ తరగతిలో చేరవలసిన బిడ్డ, అక్షరాలు దిద్దవలసిన వయసులో అధిక భాగం బడి ముఖం చూడకుండానే రెండవ తరగతికి చేరినది.

ఆ కాలంలో దూరదర్శన్ సప్తగిరి ఛానల్ ద్వారా 'విద్యావారధి' పాఠాలు ప్రసారమైనవి. ఆకాశవాణిని సైతం వినియోగించడం జరిగినది. విద్యార్థులను హైటెక్, లోటెక్, నోటెక్ అని మూడు వర్గాలుగా గుర్తించారు. ఇంటర్నెట్ సౌకర్యం గలవారు మొదటి వర్గం, టీవీ లేదా రేడియో మాత్రమే ఉన్నవారు రెండవ వర్గం, ఏదీ లేనివారు మూడవ వర్గం. ఏ సౌకర్యమూ లేని పిల్లలు ఉన్నారని లెక్కలలోనే అంగీకరించడం ఈ విభజనలోని మేలు. అయితే వర్గీకరణకు ప్రమాణంగా తీసుకున్నది ఇంటిలోని వస్తువును. పదవ తరగతి చదివే అన్న, రెండవ తరగతి చదివే చెల్లెలు ఒకే ఫోను గల ఇంటిలో ఉన్నచో ఇరువురూ ఒకే వర్గం క్రిందకు వచ్చేవారు. పరీక్ష ఉన్న అన్నకే ఫోను దక్కుతుందని వేరుగా చెప్పనక్కరలేదు.

జాతీయ స్థాయి సర్వేలు ఇదే విషయాన్ని ధ్రువపరచుచున్నవి. 'అసర్' నివేదికల ప్రకారం గ్రామీణ భారతంలో స్మార్ట్‌ఫోన్ గల ఇళ్ల పిల్లలు 2018లో 36.5 శాతం కాగా, 2021 నాటికి 67.6 శాతానికి పెరిగారు. కానీ ఇంటిలో స్మార్ట్‌ఫోన్ ఉండి కూడా దానిని ఏమాత్రం వాడుకోలేని పిల్లలు 26.1 శాతంగా 2021 నివేదిక తేల్చినది. తరగతి తగ్గే కొలదీ వాడకం తగ్గుతున్నట్లు సైతం అదే నివేదిక పేర్కొన్నది. ఈ సర్వేలు 2020, 2021 సంవత్సరాలలో టెలిఫోను ద్వారా జరిగినవన్న సంగతి గమనార్హం. ఫోనే లేని కుటుంబం ఆ శాతాలలో చేరే అవకాశం దాదాపు లేదు. ఈ అంకెలను ఉటంకించునపుడు పాత్రికేయ మిత్రులు ఈ పరిమితిని కూడా పేర్కొనుట సమంజసం.

జీవనోపాధి, ఫోను

పశ్చిమ ప్రాంతంలో ఈ సమస్య స్వరూపం ఉపాధిని బట్టి మారుతుంది. ఆదోని పేరెన్నికగన్న ప్రత్తి మార్కెట్. యార్డులోను, జిన్నింగ్ మిల్లులలోను ప్రత్తి సీజనులో పని ముమ్మరంగా ఉంటుంది. హమాలీకైనా, మిల్లు కూలీకైనా పనికి పిలుపు వచ్చేది ఫోనుకే. కనుక ఫోను ఆయన వెంటే ఉండక తప్పదు. బడికి ముఖ్యమైన నెలలు, ప్రత్తి సీజను ఒకే సమయంలో రావడం ఇక్కడి ప్రత్యేకత.

ఎమ్మిగనూరులో పరిస్థితి కొంత భిన్నం. 1938లో మాచాని సోమప్ప గారి కృషితో ఏర్పడిన చేనేత సహకార సంఘం ద్వారా ఆ పట్టణం దేశవ్యాప్త గుర్తింపు పొందిన సంగతి విదితమే. మగ్గం ఇంటిలోనే ఉన్నచోట ఫోను కూడా ఇంటిలోనే ఉంటుంది. అయితే మగ్గం మీద కూర్చున్న తండ్రికి, ఆసు పోసే తల్లికి బిడ్డ ప్రక్కన కూర్చునే తీరిక దొరకదు. పరికరం ఉన్నా దానిని చూపించే మనిషి లేని స్థితి ఇది.

ఈ రెండింటికంటె కఠినమైనది సుగ్గి. ఖరీఫ్ పనులు ముగిసిన పిదప వర్షాధార గ్రామాల నుండి కుటుంబాలు గుంటూరు ప్రాంతంలో మిరప కోతలకు, ప్రత్తి తీతలకు, తెలంగాణ, కర్ణాటక ప్రాంతాలకు తరలిపోవడాన్ని ఇక్కడ సుగ్గికి పోవడమనే వ్యవహరిస్తారు. ఫోను వారితో వెళ్లిపోతుంది. బిడ్డ అవ్వాతాతల వద్ద ఉండిపోయినచో ఆ ఇంటిలో మిగిలేది, ఉంటే గింటే, ఒక బటన్ ఫోను. బిడ్డను వెంట తీసుకుపోయినచో ఫోను దగ్గరే ఉంటుంది గాని బడి దూరమవుతుంది. 2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం మాత్రమే. అవ్వాతాతల తరానికి పుస్తకం చదివి చెప్పగల అవకాశం ఎంతటిదో దీనిని బట్టి ఊహించవచ్చును.

తగిన పరికరం ఏది?

బటన్ ఫోనులో మాట వినవచ్చును, వర్క్‌షీటు బొమ్మ చూడజాలము. పాఠ్యపుస్తకాలపై ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్ ద్వారా తెరవాలంటే కెమెరా, డేటా గల ఫోను కావలెను. టీవీ పాఠం ఒక నిర్ణీత వేళకు వచ్చి పోతుంది, అర్థం కాని బిడ్డ కోసం ఆగదు. పైగా 1953 అక్టోబరు 1కి పూర్వం ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో అంతర్భాగం. నేటికీ ఇక్కడ కన్నడం, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, ఆ మాధ్యమ పాఠశాలలు కలవు. తెలుగు పాఠం ఆ ఇళ్లలో వినబడినంత మాత్రాన హోంవర్కు పూర్తి కాదు.

పొరుగు రాష్ట్రమైన తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న ప్రారంభమైన టీవీ పాఠాలు మూడు నుండి పదవ తరగతి వారికి ఉద్దేశించినవి. ఒకటి, రెండు తరగతులకు తెర ద్వారా బోధన సరిపడదన్న అభిప్రాయం అందులో ఇమిడియున్నట్లు భావించవచ్చును. కేంద్ర ప్రభుత్వం 2020 జులైలో విడుదల చేసిన 'ప్రజ్ఞత' మార్గదర్శకాలు సైతం పూర్వ ప్రాథమిక స్థాయికి తెర సమయాన్ని రోజుకు 30 నిమిషాలకు పరిమితం చేసినవి. కనుక చిన్న తరగతుల విషయంలో ఇంటికొక ట్యాబ్ అన్న కోరికకంటె, ముద్రిత వర్క్‌షీటు, బొమ్మల నిఘంటువు, వారానికొకసారి ఉపాధ్యాయుని పలకరింపు ఎక్కువ ప్రయోజనకరమని చెప్పవలసియుంటుంది.

ప్రభుత్వ సహాయం ఎవరికి చేరినది

2022 జులై 5న నాటి ముఖ్యమంత్రి శ్రీ వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ఆదోనిలోనే ఆ సంవత్సరపు విద్యాకానుక కిట్ల పంపిణీని ప్రారంభించారు. ఆ కిట్లలో పుస్తకాలు, నోటు పుస్తకాలు, సంచి, ఏకరూప దుస్తులు, బూట్లతో పాటు చిన్న తరగతులకు బొమ్మల నిఘంటువు కూడా ఉన్నది. ట్యాబ్‌లు మాత్రం 2022, 2023 డిసెంబరు 21 తేదీలలో రెండు విడతలుగా ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పంపిణీ అయినవి. పాఠ్యాంశాలను ముందుగానే నిక్షిప్తం చేసి ఇచ్చినందున వాటికి ఇంటర్నెట్ అనివార్యం కాలేదు. సిగ్నలు బలహీనంగా ఉండే గ్రామాలకు ఇది గమనించదగిన పద్ధతి. ప్రాథమిక తరగతుల ఇంటికి పథకం ద్వారా చేరిన ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా ఉన్నదంటే అది అన్న లేదా అక్క చేతిలోని ట్యాబ్ మాత్రమే.

పరికరం సమకూర్చే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న న్యాయస్థానాలకు సైతం వెళ్లినది. ఢిల్లీ హైకోర్టు 2020 సెప్టెంబరులో పేద విద్యార్థులకు పరికరాలు, ఇంటర్నెట్ ప్యాకేజీ సమకూర్చవలసినదిగా పాఠశాలలను ఆదేశించగా, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే విధించినది.

హోంవర్కు ఇచ్చే తీరు

2020 నాటి పాఠశాల సంచి విధానం రెండవ తరగతి వరకు హోంవర్కు ఇవ్వరాదని, మూడు నుండి ఐదవ తరగతి వరకు వారానికి గరిష్ఠంగా 2 గంటలకు మించరాదని పేర్కొన్నది. ఒకటవ తరగతి బిడ్డకు వాట్సాప్ గ్రూపులో హోంవర్కు పంపే పాఠశాల ఫోను లేని ఇంటిని ఇబ్బంది పెట్టుటయే గాక ఈ విధానానికి కూడా దూరంగా జరుగుచున్నది. పట్టణాలలోని చిన్న ప్రైవేటు పాఠశాలలను సందర్శించు మండల విద్యాశాఖాధికారులు ఈ ఒక్క అంశాన్ని విధిగా అడిగి తెలుసుకొనవచ్చును. నోటు పుస్తకంలో ఒక వరుస వ్రాసి పంపుటకు ఖర్చేమీ ఉండదు.

వివరాలు సేకరించువారు ఇంటిలో ఫోను ఉన్నదా అని అడిగి ఊరకొనక, రాత్రి ఏడు గంటలకు అది ఇంటిలో ఉంటుందా, చిన్న బిడ్డ చేతికి వస్తుందా, నెల పొడుగునా డేటా ఉంటుందా, ప్రక్కన కూర్చునేది ఎవరు అని అడిగినచో వాస్తవ పరిస్థితి వెల్లడి కాగలదు. ఈ విచారణను దీపావళికి ముందు ఒకసారి, సంక్రాంతి తరువాత మరొకసారి చేయుట అవసరం. ఆగస్టులో సేకరించిన జాబితాలో ఫోను గల ఇల్లు జనవరి నాటికి తాళం వేసియుండవచ్చును. సుగ్గికి వెళ్లిన కుటుంబాల పిల్లలు ఊరిలోనే ఉండి చదువుకొనుటకు సమగ్ర శిక్ష క్రింద నిర్వహించు సీజనల్ వసతి గృహాలకు ప్రతిపాదనలు సైతం ఈ రెండవ జాబితా ఆధారంగానే పంపినచో సాయంత్రం వేళ బిడ్డ ప్రక్కన కూర్చునే మనిషి కూడా లభించగలరు.