కంపోస్టు కేంద్రాలలో బయోఏరోసాళ్ళు

గాలిలో తేలియాడే బాక్టీరియా, శిలీంధ్రాల సిద్ధబీజాలు, సూక్ష్మజీవుల కణశకలాలు, వాటి నుండి వెలువడే విషపదార్థాలను కలిపి బయోఏరోసాళ్ళు అంటారు. సేంద్రియ వ్యర్థాలను పెద్ద ఎత్తున ఎరువుగా మార్చే కంపోస్టు కేంద్రాలలో ఇవి అధికంగా వెలువడతాయి. అందువలన అక్కడి కార్మికుల, పరిసర నివాసుల ఆరోగ్యరక్షణలో వీటి నియంత్రణ ముఖ్యాంశము.

ఉత్పత్తి

కంపోస్టు కుప్పలో సూక్ష్మజీవుల చర్య వలన ఉష్ణోగ్రత సాధారణంగా 55 నుండి 65 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. ఈ వేడికి చాలా వ్యాధికారక క్రిములు, కలుపు విత్తనాలు నశిస్తాయి. అయితే వేడిని తట్టుకొనే ఆక్టినోమైసీట్లు, ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు ఇక్కడ వృద్ధి చెందుతాయి. వ్యర్థాలను ముక్కలు చేసేటపుడు, కుప్పలను తిరగవేసేటపుడు, ఎరువును జల్లించేటపుడు ఇవి ఎక్కువగా గాలిలో కలుస్తాయి.

ఆరోగ్యంపై ప్రభావం

ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ సిద్ధబీజాల వ్యాసం 2 నుండి 3 మైక్రోమీటర్లు మాత్రమే. కావున అవి ఊపిరితిత్తులలోని వాయుగోణుల వరకు చేరగలవు. ఆరోగ్యవంతుల శరీరం వీటిని సాధారణంగా తొలగించుకొంటుంది. ఉబ్బసం ఉన్నవారిలో వ్యాధి తీవ్రమవుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో ప్రాణాంతకమైన ఆస్పర్జిల్లోసిస్ రావచ్చు. ఆక్టినోమైసీట్ల సిద్ధబీజాలను దీర్ఘకాలం పీల్చినచో, బూజుపట్టిన ఎండుగడ్డి వలన రైతులకు వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి వంటిది కలుగవచ్చు.

నియంత్రణ

* కుప్పలో తేమను తగినంతగా, సుమారు 50 నుండి 60 శాతం వరకు ఉంచాలి. ఎండిన కుప్పను కదిపితే దుమ్ము ఎక్కువగా లేస్తుంది.
* గాలి నివాసాల వైపు వీచేటపుడు కుప్పలను తిరగవేయరాదు.
* మూసిన షెడ్లలో పని జరిపి, లోపలి గాలిని బయోఫిల్టరు గుండా పంపవచ్చు. అయితే బయోఫిల్టరు ముఖ్యంగా దుర్వాసనను తగ్గించేది. సూక్ష్మజీవులను పూర్తిగా ఆపలేదు.
* యంత్రాలు నడిపేవారి క్యాబిన్లను మూసి, గాలి వడపోత అమర్చాలి.
* కార్మికులకు ముఖానికి సరిగా అతికే ఎన్95 వంటి మాస్కులు ఇవ్వాలి. ముఖానికి కట్టుకొనే గుడ్డ వీటికి ప్రత్యామ్నాయం కాదు.

ప్రమాణాలు

ఎంత మోతాదు వరకు సురక్షితమో తెలిపే, అంతర్జాతీయంగా అంగీకరించిన పరిమితి లేదు. ఇంగ్లాండు పర్యావరణ సంస్థ 2010లో ప్రకటించిన విధానం ప్రకారం, 250 మీటర్ల లోపు నివాసాలు లేదా కార్యాలయాలు ఉన్న కేంద్రాలు ప్రత్యేకంగా ప్రమాద అంచనా సమర్పించాలి. భారతదేశంలో 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు పారిశుధ్య కార్మికులకు మాస్కులు, చేతి తొడుగులు ఇవ్వాలని నిర్దేశించాయి.