పందెపు పన్ను - ఎవరి సొమ్ము?

మొన్న చరిత్ర పాఠం మధ్యలో ఒక విద్యార్థి లేచి అడిగాడు: “మాష్టారూ, జనం ఎలాగూ పందేలు కాస్తారు. వాటి మీద పన్ను వేసి ఆ డబ్బుతో బడి కట్టిస్తే తప్పేమిటండీ?” వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జూదం చెడ్డదని నీతులు వల్లించడం తేలిక. కాని ఆ కుర్రవాడు అడిగింది నీతి కాదు, లెక్క. అందుచేత బ్రిటన్ అనుభవాన్ని తిరిగి పరిశీలించాను.

1853 నాటి చట్టం రొక్కం పందేలు కట్టించుకునే ఇళ్ళను మూయించింది. 1906 నాటి చట్టం వీధి పందేన్ని నేరం చేసింది. మొదటిసారి దొరికితే 10 పౌన్ల జుల్మానా, రెండవసారి 20. ఐతే బుకీ వద్ద ఖాతా వున్న పెద్దమనిషి ఇంట్లో కూర్చుని అరువు మీద గుర్రప్పందెం కాయవచ్చు. అది నేరం కాదు. కూలివాడికి అరువెవరిస్తారు? ఒకే ఆటకు రెండు న్యాయాలన్నమాట!

1926లో ఆర్థికమంత్రి చర్చిల్ పందెంపై పన్ను విధించాడు. అది సార్వత్రిక సమ్మె జరిగిన సంవత్సరమే. నవంబరులో వసూలు మొదలైంది: గుర్రప్పందాల మైదానంలో నూటికి 2, బయట మూడున్నర. విండ్సర్ మైదానంలో బుకీలు పందేలు తీసుకోకుండా సమ్మె కట్టారు. వీధి పందెం చట్టవిరుద్ధం గనుక దానికి పన్నే లేదు. పన్ను విఫలమై 1929లో రద్దయింది.

1960 చట్టంతో రొక్కం పందేనికి అనుమతి లభించింది. 1961 మే 1న దుకాణాలు తెరిచారు. కార్మికుడి పందెం నేరం కాకుండా పోవడం న్యాయమే. కాని 1966లో ఖజానా మళ్ళీ చేయి చాచింది: కాసిన సొమ్ముపై నూటికి రెండున్నర. తర్వాత ఆ రేటు పెరిగింది. 2001 అక్టోబరులో పద్ధతే మార్చారు: కాసిన సొమ్ముపై గాక, బుకీకి మిగిలినదానిపై నూటికి 15.

ఈ మార్పును మిత్రులు శ్రద్ధగా గమనించాలి. జనం 100 పౌన్లు కాసి 90 తిరిగి గెలిస్తే, బుకీకి మిగిలేది 10, ఖజానాకు ఒకటిన్నర. ఆ 10 పౌన్లు మరేమీ కావు, ఓడినవాళ్ళు పోగొట్టుకున్న సొమ్ము. అంటే జనం ఎంత ఓడితే ఖజానా అంత నిండుతుంది. ప్రభుత్వం కాపలాదారు వేషంలోనే వాటాదారయింది.

ఇది నిష్ఠూరం కాదు, జరిగిన సంగతి. పందెపు దుకాణాల్లోని యంత్రాలపై అప్పట్లో ఒక్కొక్క ఆటకు 100 పౌన్ల దాకా ఒడ్డే వీలుండేది. ఆ పరిమితిని 2 పౌన్లకు దించుతామని 2018లో ప్రకటించిన ప్రభుత్వమే అమలును వెనక్కి నెట్టింది. ఆ శాఖ చూస్తున్న మంత్రి ట్రేసీ క్రౌచ్ నిరసనగా రాజీనామా చేసింది. చివరకు 2019 ఏప్రిల్‌లో అమలు చేశారు. ఆ నెలలోనే ఖజానా లోటు పూడ్చడానికి ఇంటర్నెట్ జూదంపై పన్నును 15 నుంచి 21కి పెంచారు. ఒక జూదానికి కళ్ళెం వేయాలంటే మరొక జూదం ఆదాయం కావలసివచ్చింది!

మన రాజ్యాంగంలోనూ పందెం, జూదం రాష్ట్రాల జాబితాలోనే వున్నాయి; వాటిపై పన్ను కూడా 2016 దాకా ఆ జాబితాలోనే వుండేది. కాబట్టి ఈ ప్రశ్న మనదీను.

మర్నాడు ఆ విద్యార్థికి ఇలా చెప్పాను: “బడి కట్టడం తప్పు కాదు నాయనా. కాని ఆ బడికి జీతాలివ్వడం కోసం నీ తండ్రి ఏటేటా ఓడుతూ వుండాలని కోరుకునే ప్రభుత్వం, అతణ్ణి ఓటమి నుంచి కాపాడుతుందా?”

కుర్రవాడు మాట్లాడలేదు. లెక్క అతనికి అర్థమైంది.