శీతాకాలాంతపు తేనెపెట్టె పరిశీలన

శీతాకాలాంతపు తేనెపెట్టె పరిశీలన అనగా ఉత్తర అమెరికా, ఐరోపాలలోని చలి ప్రాంతాలలో పెరటిలో తేనెటీగలను పెంచేవారు ఫిబ్రవరి, మార్చి నెలలలో తమ పెట్టెలను చూసుకొనే పని. ఈగలు బ్రతికి ఉన్నాయా, పూలు వచ్చేవరకు వాటికి తేనె సరిపోతుందా అన్నవి ఇందులో తేల్చుకోవలసిన విషయాలు. అక్కడ పెంచేది ఐరోపా తేనెటీగను (ఏపిస్ మెల్లిఫెరా). పేరుకు పరిశీలనే అయినా, ఇందులో చాలా భాగం మూత తీయకుండానే జరుగుతుంది.

చలిలో ఈగల జీవనం

తేనెటీగలు చలికాలమంతా నిద్రపోవు. అవి పట్టుల మధ్య బంతివలె గుమిగూడి, రెక్కలు కదపకుండానే ఎగిరే కండరాలను వణికించి వేడి పుట్టిస్తాయి. అందుకు కావలసిన శక్తి నిలవ తేనె నుండి వస్తుంది. పిల్లలు లేనప్పుడు గుంపు నడుమ సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్నా సరిపోతుంది. కాని చలి ఇంకా తగ్గకముందే రాణి ఈగ తిరిగి గుడ్లు పెట్టనారంభిస్తుంది. పిల్లల పెంపకానికి 34-35 డిగ్రీల వేడి అవసరం కనుక తేనె ఖర్చు త్వరత్వరగా పెరుగుతుంది. బయట పూలు ఉండవు. శరదృతువులో పుట్టిన ముసలి ఈగలు రాలిపోతుంటాయి. గడ్డు చలిని తట్టుకొన్న కుటుంబం తీరా మార్చిలో ఆకలితో నశించడానికి కారణమిదే.

మూత తీయకుండా తెలిసేవి

పెట్టెను వెనుకవైపు నుండి ఒక చేత్తో కొద్దిగా ఎత్తి చూస్తారు. శరదృతువులో కూడా ఎత్తి చూసినవారికి బరువులోని తేడా ఇట్టే తెలుస్తుంది. గోడకు చెవి ఆనించి వ్రేలితో తట్టినప్పుడు ఝంకారం ఒక్కసారి హెచ్చి తగ్గితే లోపల ఈగలు ఉన్నట్లే. ద్వారానికి అడ్డుపడిన చచ్చిన ఈగలను పుల్లతో తీసివేయాలి. మంచుపై కొన్ని ఈగలు చచ్చిపడి ఉండడం సహజమే, దానికి భయపడనవసరం లేదు.

ఆరోగ్యంగా ఉన్న ఈగలు గూటిలో మలవిసర్జన చేయవు. వారాల తరబడి ఆపుకొని, సుమారు 10 డిగ్రీలు దాటిన ఎండరోజున బయటకు ఎగురుతాయి. మంచుపై పసుపుపచ్చని చుక్కలు అందుకు గుర్తు. అవే మరకలు ద్వారం వద్ద, పట్టులపై విస్తారంగా ఉంటే అతిసారమని అనుమానించాలి. కాళ్ళకు పుప్పొడి అంటించుకొని ఈగలు వస్తుంటే సాధారణంగా లోపల పిల్లలు ఉన్నట్లు.

మూత తీయవలసి వచ్చినప్పుడు

గాలిలేని మధ్యాహ్నం వేళ మాత్రమే, ఒకటి రెండు నిమిషాలు మూత తీస్తారు. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ 1852లో పేటెంటు పొందిన పెట్టెలో చట్రాలను విడివిడిగా పైకి తీయవచ్చు గాని, సుమారు 15 డిగ్రీల వేడి లేనిదే ఆ పని చేయరాదు. పిల్లలకు చలి సోకితే చనిపోతాయి. గుంపు మూత క్రిందికి చేరి ఉండడం ఆహారం తరిగినదనడానికి తరచు సూచన. అప్పుడు చక్కెర ముద్దను గాని, కాగితంపై పోసిన పొడి చక్కెరను గాని గుంపుకు ఆనుకొని ఉంచాలి. చక్కెర పాకం పనికిరాదు. చల్లని పాకాన్ని ఈగలు ముట్టవు, పైగా గూటిలో తేమ పెరుగుతుంది.

చనిపోయిన కుటుంబం చెప్పేది

ఈగలు గదులలో తలలు దూర్చి చనిపోయి ఉంటే అది ఆకలి చావు. ఒక్కొక్కసారి రెండంగుళాల దూరంలోనే తేనె ఉంటుంది, కాని చలికి గుంపు అక్కడికి కదలలేకపోతుంది. నిండుగా తేనె ఉండి పిడికెడు ఈగలే మిగిలితే చాలావరకు వరోవా పురుగును శంకించాలి. ఇది సహజంగా ఆసియా తేనెటీగపై (ఏపిస్ సెరానా) బ్రతికే పరాన్నజీవి. ఆ ఈగ దీనిని చాలావరకు అదుపులో ఉంచుకోగలదు, ఐరోపా ఈగకు ఆ శక్తి తక్కువ. ఈ పురుగు 1987లో అమెరికాలోను, 1992లో బ్రిటన్‌లోను కనిపించింది. చనిపోయిన కుటుంబం గల పెట్టెను వెంటనే మూసివేయాలి, లేనిచో ఇతర ఈగలు తేనెను దోచుకొని రోగాన్ని కూడా తీసుకొనిపోతాయి.

తెలుగు ప్రాంతాలలో

చెట్టు తొర్రలలోను పుట్టలలోను పట్టు పెట్టే ఆసియా తేనెటీగనే తెలుగు ప్రాంతాలలో కూడా పెట్టెలలో పెంచుతారు. ఇక్కడ చలి ఇంత తీవ్రం కాదు. ఎడతెరపిలేని వానలకు ఈగలు బయటకు పోలేని రోజులే కరవు రోజులు. వాతావరణం వెచ్చగా ఉండడం వలన అప్పుడు చక్కెర పాకమే ఇస్తారు.