పాత సరకు వ్యాను అమ్మకం: తాళం అప్పగించినంత మాత్రాన బాధ్యత తీరదు

కిరాణా కొట్టుకు సరకు తెచ్చే వ్యాను, పాల క్యాన్లు మోసే వ్యాను, టెంట్‌హౌస్ సామగ్రి తరలించే వ్యాను ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. 1984లో మార్కెట్లోకి వచ్చిన మారుతి ఓమ్నీ, 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి వాహనాలు చిన్న వ్యాపారికి సొంత రవాణా సాధనాన్ని అందుబాటులోకి తెచ్చాయి. ఓమ్నీ ఉత్పత్తి 2019లో నిలిచిపోయినా పాత బండ్లు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. ఇలాంటి వాహనం పదేళ్లు పనిచేశాక ఇంజిన్ ఆయిల్ తాగడం, క్లచ్ జారడం, తొట్టి అడుగు తుప్పు పట్టడం మొదలవుతాయి. అప్పుడు యజమాని ఎదుట నాలుగు మార్గాలు ఉంటాయి. బాగుచేయించి నడపవచ్చు, బాగుచేయించి అమ్మవచ్చు, ఉన్నది ఉన్నట్టుగా అమ్మవచ్చు, లేదా తుక్కుకు ఇవ్వవచ్చు.

ఈ నిర్ణయంలో చాలామంది ధర గురించే ఆలోచిస్తారు. అంతకంటే పెద్ద విషయం మరొకటి ఉంది. డబ్బు తీసుకుని, తాళం ఇచ్చి, స్టాంపు కాగితంపై సంతకం చేసినంత మాత్రాన చట్టం దృష్టిలో యజమాని మారడు. రవాణా శాఖ రికార్డులో పేరు మారే వరకు ఆ బండి చేసే ప్రమాదం పాత యజమాని మెడకే చుట్టుకోవచ్చు.

యజమాని ఎవరు?

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2(30) ప్రకారం వాహనం ఎవరి పేరిట నమోదై ఉందో వారే యజమాని. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఈ నిర్వచనాన్ని స్పష్టంగా వివరించింది. 2009లో జరిగిన ప్రమాదానికి సంబంధించిన ఆ కేసులో వాహనం అప్పటికే పలువురి చేతులు మారింది. రికార్డులో మాత్రం మొదటి యజమాని పేరే కొనసాగింది. నష్టపరిహారం కోసం వచ్చిన బాధితులు ఒకరి తరువాత ఒకరిగా కొనుగోలుదారులను వెతుక్కుంటూ తిరగాల్సిన అవసరం లేదని, నమోదిత యజమానే బాధ్యుడని న్యాయస్థానం తేల్చింది.

మరమ్మతుకు వచ్చిన వ్యాను విషయంలో ఈ ముప్పు మరింత ఎక్కువ. మూలపడి ఉన్న బండికి బీమా కట్టడం వృథా అనుకుని చాలామంది పాలసీ గడువు తీరిపోనిస్తారు. కొన్నవారు దాన్ని బాగుచేయించి బీమా లేకుండానే రోడ్డెక్కిస్తే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం చెల్లించడానికి బీమా సంస్థ ఉండదు. రికార్డులో పేరున్న వ్యక్తే సొంత ఆస్తి నుంచి చెల్లించాల్సిన పరిస్థితి రావచ్చు.

ముందుగా పత్రాలు

కొనేవారిని వెతకడానికి ముందే పత్రాలను సరిచూసుకోవాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అంటే ఆర్‌సీ పోయి ఉంటే ఫారం 26తో నకలు తీసుకోవాలి. రుణంపై కొన్న బండి అయితే, వాయిదాలన్నీ తీరినా ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు అలాగే ఉండిపోవచ్చు. ఆ సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం, ఫారం 35 తీసుకుని ఆ నమోదును తొలగింపజేయాలి. ఫైనాన్స్ సంస్థ లిఖితపూర్వక సమ్మతి లేనిదే యాజమాన్య బదిలీని నమోదు చేయరాదని సెక్షన్ 51 చెబుతోంది.

పసుపు నంబరు పలక ఉన్న రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ధ్రువపత్రం ప్రాణం వంటిది. ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా దాన్ని పునరుద్ధరించుకోవాలి. చెల్లుబాటయ్యే ఫిట్‌నెస్ లేని రవాణా వాహనాన్ని సెక్షన్ 56 సక్రమంగా నమోదైన వాహనంగా పరిగణించదు. తెల్ల పలకతో నమోదైన ఓమ్నీ, ఈకో వంటి వాహనాల నమోదు 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనాలకు సెక్షన్ 66 పర్మిట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. అంతకు మించిన వాహనమైతే పర్మిట్ బదిలీకి కూడా విడిగా దరఖాస్తు చేయాలి.

రవాణా పన్ను బకాయి, పెండింగ్ చలాన్లు, కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం గడువు కూడా చూసుకోవాలి. మధ్యలో ఇంజిన్ మార్చి ఉన్నా, గ్యాస్ కిట్ అమర్చి ఉన్నా ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి జరిపించాల్సిన పీడన పరీక్ష ధ్రువపత్రం కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. ఛాసిస్ నంబరు తుప్పుతో కనిపించకుండా పోతే తనిఖీ సమయంలో చిక్కులు వస్తాయి. దాన్ని ముందే శుభ్రం చేయించుకోవడం మంచిది.

యజమాని మరణించిన తరువాత ఇంట్లో నిలిచిపోయిన వ్యాన్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. అలాంటప్పుడు వారసులు మరణ సమాచారాన్ని 30 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలిపి, మూడు నెలల్లోగా ఫారం 31తో తమ పేరిట మార్పించుకోవాలి. ఆ తరువాతే అమ్మాలి.

ఏ మరమ్మతు చేయించాలి?

అమ్మకానికి పెట్టే ముందు అన్నీ బాగుచేయిస్తే ఖర్చంతా ధరలో తిరిగి వస్తుందనుకోవడం పొరపాటు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత బండ్లు కొనేవారిలో చాలామందికి సొంత షెడ్డో, తెలిసిన మెకానిక్కో ఉంటారు. ఇంజిన్ బోర్ పని, గేర్‌బాక్స్ పని వారికి తక్కువ ఖర్చుతో పూర్తవుతుంది. పైగా అమ్మకం కోసం హడావిడిగా చేయించిన ఇంజిన్ పనిని వారు నమ్మరు. అందువల్ల పెద్ద మరమ్మతులను కొనేవారికే వదిలి, ఆ మేరకు ధర తగ్గించడం తరచు లాభదాయకం.

చిన్న పనుల విషయం వేరు. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, బ్రేకులు, ప్రతిఫలన టేపులు వంటివి ఫిట్‌నెస్ తనిఖీలో చూస్తారు. వీటిని సరిచేయించి ఫిట్‌నెస్ పునరుద్ధరించుకుంటే బండి చట్టబద్ధంగా రోడ్డెక్కుతుంది. కొనేవారు నడిపి చూడగలుగుతారు, బదిలీ దరఖాస్తుకూ ఆటంకం తగ్గుతుంది. బ్యాటరీ చచ్చి స్టార్ట్ కాని వ్యానుకు, పొగ విడుస్తూనైనా నడిచే వ్యానుకు పలికే ధరల్లో తేడా బ్యాటరీ ఖరీదు కంటే ఎక్కువగా ఉంటుంది. స్టార్ట్ కాని బండిలో ఏ లోపం దాగి ఉందో కొనేవారికి తెలియదు కాబట్టి అన్నీ చెడినట్టే లెక్కవేస్తారు.

తొట్టికి రంగు వేయించి తుప్పును కప్పడం మాత్రం చేయరాదు. అది ఖర్చే కాదు, లోపాన్ని దాచినట్టూ అవుతుంది.

ధర లెక్క

ముందుగా ఇద్దరు మెకానిక్‌ల చేత బండిని విడివిడిగా చూపించి, ఏయే పనికి ఎంత అవుతుందో రాతపూర్వక అంచనా తీసుకోవాలి. అదే మోడల్, అదే సంవత్సరం బండి మంచి స్థితిలో ఎంత పలుకుతోందో స్థానికంగా విచారించాలి. ఉదాహరణకు మంచి బండి ధర రూ.2,50,000 అనుకుందాం. ఇంజిన్ పనికి రూ.45,000, టైర్లు, బ్రేకులకు రూ.20,000, పన్ను, బీమా బకాయిలకు రూ.15,000 అవసరమైతే మొత్తం రూ.80,000. మిగిలేది రూ.1,70,000. బండి షెడ్డులో ఉన్న రోజుల్లో పోయే ఆదాయానికి, విప్పాక బయటపడే లోపాలకు కొనేవారు మరికొంత తగ్గించమంటారు. రూ.1,50,000 నుంచి రూ.1,70,000 మధ్య బేరం తెగితే అది న్యాయమైన ధరే. మెకానిక్ అంచనా చేతిలో ఉంటే ఒక్కో లోపానికీ ఇష్టం వచ్చినట్టు కోత పెట్టే బేరానికి అడ్డుకట్ట పడుతుంది.

ఈ లెక్కకు అడుగు హద్దు తుక్కు ధర. వాహనం ఖాళీ బరువు ఆర్‌సీలోనే ఉంటుంది. దాన్ని స్థానికంగా కిలో ఇనుముకు పలికే ధరతో హెచ్చిస్తే స్థూల అంచనా వస్తుంది. మరమ్మతు ఖర్చు మంచి బండి ధరను సమీపిస్తే తుక్కు మార్గమే మేలు.

లోపాలు చెప్పాలా?

పాత వస్తువు కొనేవారే జాగ్రత్తగా చూసుకోవాలన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని సాధారణ సూత్రం. కొనుగోలుదారు పరిశీలించినప్పుడు కనిపించాల్సిన లోపాలకు విక్రేత హామీ ఇచ్చినట్టు ఆ చట్టం భావించదు. అయితే దీనికి హద్దు ఉంది. తెలిసిన వాస్తవాన్ని కావాలని దాచిపెట్టడం భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 17 ప్రకారం మోసం. మోసంతో పొందిన సమ్మతిపై నిలిచిన ఒప్పందాన్ని సెక్షన్ 19 కింద కొనుగోలుదారు రద్దు చేసుకోవచ్చు. మౌనంగా ఉండటం దానంతట అదే సాధారణంగా మోసం కాదు. కానీ పగిలిన ఛాసిస్‌ను వెల్డింగ్ చేసి రంగు పూయడం, కిలోమీటర్ల మీటరును వెనక్కి తిప్పడం మౌనం కిందకు రావు.

అందుకే తెలిసిన లోపాలన్నిటినీ విక్రయ ఒప్పందంలోనే రాయించడం విక్రేతకే రక్షణ. ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, రెండో గేరు జారుతోంది, ఎడమ కమాన్ కట్ట విరిగింది అని ఒక్కొక్కటిగా పేర్కొనాలి. కొనుగోలుదారు తన మెకానిక్‌తో చూపించుకుని, ఉన్న స్థితిలోనే తీసుకుంటున్నట్టు సంతకం చేయాలి. గతంలో పెద్ద ప్రమాదానికి గురైన సంగతి ఉంటే దాన్నీ రాయాలి.

ఎవరికి అమ్మాలి?

నేరుగా వాడుకునేవారికి అమ్మితే ధర ఎక్కువ వస్తుంది, సమయం పడుతుంది. డీలరుకు ఇస్తే ధర తగ్గినా పని త్వరగా అవుతుంది. అయితే డీలరు దగ్గర బండి నెలల తరబడి పాత పేరుతోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. దీన్ని నివారించేందుకు కేంద్రం 2022 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అవి అమలులో ఉన్నాయి. వీటి ప్రకారం రవాణా శాఖ గుర్తింపు పొందిన డీలరుకు వాహనం అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్లో సమాచారం ఇవ్వాలి. అప్పటి నుంచి ఆ డీలరే యజమానిగా పరిగణన పొందుతారు. గుర్తింపు లేని మధ్యవర్తికి ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి ఇవ్వడం విక్రేతకు అత్యంత ప్రమాదకరం.

తుక్కుకు ఇవ్వదలిస్తే 2021 నాటి నిబంధనల కింద నమోదైన వాహన తుక్కు కేంద్రానికే ఇవ్వాలి. అక్కడ ఇచ్చే డిపాజిట్ ధ్రువపత్రం చూపించి కొత్త వాహనం కొంటే మోటారు వాహన పన్నులో రవాణా వాహనాలకు 15 శాతం వరకు, సొంత వాహనాలకు 25 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలును రాష్ట్రాలకు కేంద్రం కల్పించింది. వీధిలోని తుక్కు వ్యాపారికి ఇస్తే ఆర్‌సీ రద్దు కాకుండా మిగిలిపోతుంది. నంబరు పలక వేరే బండిపైకి చేరే అవకాశమూ ఉంటుంది.

డబ్బు, పన్ను

ఒకే లావాదేవీలో రూ.2 లక్షలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. తక్కువ మొత్తమైనా బ్యాంకు ద్వారా తీసుకుంటే అమ్మకం తేదీకి సాక్ష్యం ఉంటుంది.

జీఎస్టీ నమోదు లేని వ్యక్తి తన పాత బండి అమ్మితే ఆ పన్ను వర్తించదు. నమోదు ఉన్న వ్యాపారి అమ్మితే లాభంపై మాత్రమే 18 శాతం పడుతుంది. 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి చేసిన సిఫార్సుతో ఈ రేటు వచ్చింది. తరుగుదల క్లెయిమ్ చేసిన వాహనమైతే తరుగుదల పోగా మిగిలిన విలువకు, అమ్మకం ధరకు మధ్య తేడాయే లాభం. పుస్తక విలువ రూ.2,20,000 ఉన్న వ్యానును రూ.2,50,000కు అమ్మితే రూ.30,000పై రూ.5,400 పన్ను. రూ.1,60,000కే అమ్మితే పన్ను లేదు. కొన్నప్పుడు ఇన్‌పుట్ పన్ను క్రెడిట్ వాడుకున్నవారికి ఈ లాభంపై పన్ను విధానం వర్తించదు.

అప్పగింత, ఆ తరువాత

నడిపి చూసే సమయంలో జరిగే ప్రమాదానికీ యజమాని జవాబుదారీయే. బీమా, ఫిట్‌నెస్ లేని బండిని రోడ్డుపైకి తీయనివ్వరాదు. దాన్ని వేరే వాహనంపై తరలించాలి. డ్రైవింగ్ లైసెన్సు చూడకుండా ఎవరికీ తాళం ఇవ్వరాదు.

అప్పగించే రోజున తేదీ, సమయం, మీటరు రీడింగు రాసి ఇద్దరూ సంతకాలు చేసిన రసీదు, కొనుగోలుదారు గుర్తింపు పత్రాల నకళ్లు ఉంచుకోవాలి. తొట్టిపై ఉన్న దుకాణం పేరు, ఫోన్ నంబరు చెరిపించాలి. ఫాస్టాగ్‌ను మూసివేయించాలి. బీమాలో నో క్లెయిమ్ బోనస్ బండితో పాటు పోదు, అది విక్రేతదే. దాన్ని కొత్త వాహనానికి వాడుకునేందుకు బీమా సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు. అమలులో ఉన్న థర్డ్ పార్టీ బీమా సెక్షన్ 157 ప్రకారం కొత్త యజమానికి బదిలీ అయినట్టే భావిస్తారు. అయినా 14 రోజుల్లోగా పాలసీలో పేరు మార్పుకు ఆయన దరఖాస్తు చేయాలి.

అమ్మిన 14 రోజుల్లోగా విక్రేత ఫారం 29 ద్వారా రిజిస్టరింగ్ అధికారికి బదిలీ సంగతి తెలియజేయాలని సెక్షన్ 50 నిర్దేశిస్తోంది. కొనుగోలుదారు 30 రోజుల్లోగా ఫారం 30తో దరఖాస్తు చేయాలి. బండి వేరే రాష్ట్రానికి వెళ్తుంటే విక్రేత 45 రోజుల్లోగా నిరభ్యంతర పత్రంతో సమాచారం ఇవ్వాలి. ఆ పత్రానికి ఫారం 28తో దరఖాస్తు చేస్తారు. ఫారం 29 దాఖలు చేసిన రసీదును భద్రపరచుకోవాలి.

నెల గడిచాక రవాణా శాఖ వెబ్‌సైట్లో బండి నంబరు వేసి పేరు మారిందో లేదో విక్రేత స్వయంగా చూసుకోవాలి. మారకపోతే విక్రయ పత్రం, రసీదుల నకళ్లు జతచేసి రిజిస్టరింగ్ అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ధరలో కొంత భాగాన్ని పేరు మారాకే తీసుకునేలా ముందే మాట్లాడుకోవడం కొందరు విక్రేతలు పాటించే పద్ధతి. అయితే ఆ బకాయి కంటే ముఖ్యమైనది రికార్డులో పేరు మార్పే. అది పూర్తయిన నాడే అమ్మకం ముగిసినట్టు.