సంగీతరక్షణమునకు ద్రవ్యసాహాయ్యము: తామ్రపత్రము మొదలు చలచ్చిత్రము వఱకు

శిల్పము శిలయందును, కావ్యము తాళపత్రమునందును నిలుచును. సంగీతమునకట్టి యాధారము లేదు. గాయకుని కంఠమునుండి వెడలిన నాదము సభాసదుల చెవులయందు క్షణకాలము వసించి లయించును. శిష్యపరంపరయే దానికి భాండారము. పరంపర తెగినచో భాండారమును నశించును. ఈ హేతువుచే సంగీతమును వేఱొక వస్తువునందు నిలుపవలయునను ప్రయత్నము మన దేశమున శతాబ్దములనుండి జరుగుచు వచ్చినది. రాగి రేకు, అచ్చు పుస్తకము, గ్రామఫోను పలక, చలచ్చిత్రము అను నివి యా ప్రయత్నమునకు సాధనములు. వీనిలో నేదియు వెలలేక లభించునది కాదు. విద్వాంసుల పాండిత్యమును గుఱించి మన చరిత్రకారులు విస్తరించి వ్రాసిరి. ఆ పాండిత్యమును నిలుపుటకు ద్రవ్యమొసంగినవారెవరు, ఎప్పుడొసంగిరి, ఏ నియమములతో నొసంగిరి యను విషయమును గుఱించి వ్రాసినది స్వల్పము. కాని నేడు మనకు మిగిలినదేదియో, మిగులనిదేదియో తఱుచుగా నిర్ణయించినది యీ విషయమే.

తెలుగునాట నిందులకు గొప్ప నిదర్శనము తిరుమలకొండపై గలదు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) రచించిన సంకీర్తనములు రాగి రేకులపై చెక్కబడి శ్రీవేంకటేశ్వరస్వామి యాలయమునందలి యొక యఱలో భద్రపఱుపబడినవి. ఈ కార్యము ముఖ్యముగా నాచార్యుని కుమారులగు పెదతిరుమలాచార్యుల కాలమున జరిగినదని పరిశోధకుల నిర్ణయము. రాగి కొనవలయును, రేకులు సాగగొట్టింపవలయును, అక్షరమక్షరముగా చెక్కువానికి భృతి నీయవలయును. వేలకొలది కీర్తనములకిట్లు చేయుట యెంత వ్యయసాధ్యమో యూహింపవచ్చును. ఆ వ్యయము వ్యర్థము కాలేదు. ఇరువదవ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రభృతులు దేవస్థానము పక్షమున నా రేకులను పరిశీలించి ప్రకటించుటకు పాటుపడగా నాంధ్రలోకమునకొక వాఙ్మయమే లభించినది.

అయినను ఆ రేకులయందు కీర్తనమునకు మొదట రాగము పేరు మాత్రము కలదు, స్వరలేఖనము లేదు. సాహిత్యము దక్కినది, వరుస జాఱిపోయినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు విద్వాంసులు వానిలో ననేకములకు నూతనముగా స్వరకల్పన చేయవలసివచ్చెను. నాడు వెచ్చింపబడిన ధనము అక్షరమును కాపాడినది, నాదమును కాపాడలేదు. ఇది దాతల దోషమని చెప్పరాదు. అక్షరమునకే యపాయము గలదనియు, పాట శిష్యుల నోట నెటులైనను నిలుచుననియు నాటివారు తలచియుందురు.

మూడు శతాబ్దములకు పైగా గడచిన పిమ్మట స్వరమును సైతము కాపాడవలయునను చింత దక్షిణదేశమున బలముగా తలయెత్తెను. చెన్నపురి ప్రభుత్వ కార్యాలయమున నుద్యోగియైన ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారు మన సంగీతమును పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటింపబూని 1892లో నొక పత్రికారూపమున నారంభించెను. ఆయన క్రైస్తవుడు, ఇంగ్లీషు చదివినవాడు. అయినను త్యాగరాజాదుల కృతులు తప్పులులేక లోకమునకందవలయునను దీక్ష ఆయనకు గలదు. ఆ దీక్షకు స్వధనమే యాధారము. ఒక యుద్యోగి కూడబెట్టిన సొమ్ము ఇట్టి పనికెన్నాళ్లు చాలును? పని నడుమ నిలిచిపోయెను. తనవలన గానిది మఱియొకరిచే నైన నెఱవేఱవలయునని తలచి, ముత్తుస్వామి దీక్షితుల వంశమునందలి సుబ్బరామ దీక్షితుల (1839-1906) యొద్దనున్న సంగీతసంపదను ప్రకటింపజేయుమని మొదలియారు ఎట్టయపుర సంస్థానాధిపతిని వేడెను. సంస్థానాధిపతి యంగీకరించెను.

ఆ యంగీకారఫలమే 1904లో రెండు సంపుటములుగా వెలువడిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. అఱవదేశమున, ఎట్టయపురము విద్యావిలాసిని ముద్రాక్షరశాలయందు, తెలుగు భాషలో, తెలుగు లిపిలో ముద్రితమైన గ్రంథమిది. పుటలు సుమారు 1,700. డెబ్బదిరెండు మేళముల క్రమమున రాగలక్షణములు, గీతములు, వర్ణములు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 స్వరసహితముగా నిందు గలవు. కంపితము, స్ఫురితము, జారు మొదలగు గమకములకు వేర్వేఱు చిహ్నములు కల్పింపబడినవి. సాధారణ ముద్రాలయమున నుండు అచ్చులు అట్టి చిహ్నములకు చాలవు. వానిని ప్రత్యేకముగా సమకూర్చుకొనవలయును. కావున సంస్థానము గ్రంథము విలువనేగాక, గ్రంథము పుట్టుటకు వలసిన పరికరములను, గ్రంథకర్తకు వలసిన కాలమును కూడ నొసంగినట్లయినది. ఇన్ని దినములలో ముగింపుమనియు, ఇన్ని పుటలకు మించరాదనియు నియమము పెట్టియున్నచో నట్టి గ్రంథము వెలువడియుండదు.

ఇచట నొక సంగతి మఱవరాదు. గ్రంథము వెలువడునాటికి సుబ్బరామ దీక్షితులకు వయస్సు 65 సంవత్సరములు; అటుపై రెండేండ్లకే యాయన పరమపదించెను. సంస్థానాధిపతి మఱి యైదాఱేండ్లు ఆలోచించియున్నచో దీక్షితుల స్మృతియందున్న పాఠములలో నెన్నియో ఆయనతోనే పోయియుండును. మొదలియారునకు దాత లేడు, పని నిలిచెను. దీక్షితులకు దాత సకాలమున దొరకెను, సంప్రదాయము నిలిచెను. పాండిత్యమున, శ్రద్ధయందు నిరువురును కొఱతపడినవారు కారు.

స్వరలిపి యెంత సూక్ష్మమైనను గమకము పేరు చెప్పునేగాని గమకమును వినిపింపదు. ఆ లోపమును గ్రామఫోను కొంత తీర్చెను. దానిని పోషించినది దాతృత్వము గాదు, విపణి. పలకయొక్క యొక్కొక్క పార్శ్వము మూడు నాలుగు నిమిషములకు మించి మ్రోగదు. చెన్నపురిలో వీణ ధనమ్మాళ్ (1867-1938) శుక్రవారపు సాయంకాలములందు తన యింట వీణ వాయింపగా వినుటకు విద్వాంసులే వచ్చి కూర్చుండెడివారు. ఆమె వాదనమునందలి విళంబసౌఖ్యమును మూడు నిమిషముల పలకలో నెట్లిమిడ్పవచ్చును? ఆమె పలకలు నేటికిని పూజ్యములే. కాని యవి యామె కచ్చేరికి ఛాయలు మాత్రమే.

1932లో 'భక్తప్రహ్లాద' వెలువడినదాదిగా తెలుగున చలచ్చిత్రము మాటాడుట నేర్చెను. సంగీతవిద్వాంసులు తెఱపైకి వచ్చిరి. అయితే వారక్కడికి వచ్చినది వేషధారులుగా. తమ సంగీతమును తామై ప్రదర్శించుటకు గాదు. చిత్తూరు నాగయ్య 1946లో నిర్మించి నటించిన 'త్యాగయ్య' త్యాగరాజస్వామి కథను లక్షలాది జనులకు చేర్చెను. కథగల చిత్రమునకు ప్రేక్షకులే దాతలు. వారు కొను టిక్కెట్టు సొమ్ము వ్యయమును పూరించును. ఒక వృద్ధవిద్వాంసుడు తన యింట గూర్చుండి యాలాపన చేయుటను యథాతథముగా చూపు చిత్రమునకట్టి యాదాయము రాదు. డాక్యుమెంటరీ యనబడు నిట్టి యథార్థచిత్రము పుట్టవలయునన్న ప్రభుత్వమో, సంస్థయో, ధనికుడో తిరిగి రాబట్టుకొను నాశ లేక సొమ్మొసంగవలయును. తామ్రపత్రమునకును, ఎట్టయపుర గ్రంథమునకును ఏ ధర్మము వర్తించెనో యథార్థచిత్రమునకును నదియే వర్తించును.

స్వతంత్రభారతమున 1948లో కేంద్రప్రభుత్వము స్థాపించిన ఫిలిమ్స్ డివిజన్ ఈ ధర్మమును వహించిన ప్రధానసంస్థ. అది నిర్మించిన లఘుచిత్రములను సినిమాశాలలవారు కథాచిత్రమునకు ముందు ప్రదర్శించుట లైసెన్సు నియమముగా నుండెడిది. ఇందువలన సంగీతచిత్రములకు దేశవ్యాప్తమైన ప్రేక్షకులు లభించిరి. ఆ మేలుతోపాటే యొక కీడును వచ్చెను. కథాచిత్రమునకు ముందు చూపవలసినది పొట్టిగా నుండవలయును. రాగాలాపనము పొట్టిగా నుండుట కొప్పుకొనదు. గ్రామఫోను పలక విధించిన నిర్బంధమును సినిమాశాల గడియారము మఱొక రూపమున విధించెను.

అయినను ఆ సంస్థ ధనమువలన గొప్ప చిత్రములు కొన్ని పుట్టినవి. ఎస్. ఎన్. ఎస్. శాస్త్రి 1970లో ఉస్తాద్ అమీర్ ఖాన్‌ను గుఱించి చిత్రము తీసెను. నాలుగేండ్లకు, 1974లో, ఆ గాయకుడు మరణించెను. ఇది సకాలమున నందిన సాహాయ్యము. మణి కౌల్ 1982లో తీసిన 'ధ్రుపద్' చిత్రము డెబ్బది నిమిషములకు పైబడినది. డాగర్ సోదరుల యాలాపన నడకకు చిత్రమే యొదిగినది గాని, చిత్రము కొలతకు ఆలాపన కోయబడలేదు. నిడివి విషయమున దాత చేయి సడలించినచో నేమి సాధ్యమగునో యీ చిత్రము చూపుచున్నది. ఆయనయే 1989లో కాశీగాయని సిద్ధేశ్వరీదేవిని గుఱించి మఱొక చిత్రము తీసెను. ఆమె 1977లోనే గతించినది. కావున తెఱపై నామె స్థానమున నొక నటి నిలువవలసివచ్చెను. కళాఖండముగా నది ప్రశంసనీయమే. కాని గానము చేయునపుడామె ముఖభంగిమ యెట్టిదో, చేయి యెట్లు కదలెడిదో విద్యార్థి దానినుండి నేర్చుకొనజాలడు. ఫిలిమ్స్ డివిజన్ 2022లో జాతీయ చలచ్చిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయ్యెను. చిత్రములు మాత్రము మిగిలినవి.

ద్రవ్యము ఆలసించుటవలని నష్టమునకు మిక్కిలి స్పష్టమైన నిదర్శనము బాలసరస్వతి చిత్రము. ఆమె (1918-1984) వీణ ధనమ్మాళ్ దౌహిత్రి, జయమ్మాళ్ కుమార్తె. మువ్వకు చెందిన క్షేత్రయ్య రచించిన తెలుగు పదములను తరతరములుగా గుండెలో దాచుకొన్న కుటుంబమది. బాలసరస్వతి తాను పాడుచు నభినయించుట యామె ప్రత్యేకత. అందుచే నామె కళ నృత్యమా, సంగీతమా యని విడదీయుట కలవి కాదు. అట్టి కళను పుస్తకము పట్టజాలదు, పలకయు పట్టజాలదు. చలచ్చిత్రమొక్కటే తగిన సాధనము.

సత్యజిత్ రాయ్ 1935లో, పదునాలుగేండ్ల బాలుడై యున్నపుడు, కలకత్తాలో నామె నాట్యమును చూచెను. ఆ దర్శనమాయన మఱవలేదు. 1966లో నామెను గుఱించి చిత్రము తీయ సంకల్పించెను, నెఱవేఱలేదు. తుదకు బొంబాయియందలి జాతీయ ప్రదర్శనకళా కేంద్రమును, తమిళనాడు ప్రభుత్వమును కలిసి ద్రవ్యమొసంగగా 1976లో 'బాల' చిత్రము సిద్ధమయ్యెను. అప్పటికి బాలసరస్వతికి 58 ఏండ్లు. సముద్రతీరమున గాలికి చీర రెపరెపలాడుచుండగా నామె 'కృష్ణా నీ బేగనే బారో' యను కన్నడ పదమునకభినయించిన ఘట్టము చూచినవారు మఱవలేరు. వయస్సు మీఱినను అభినయము వాడలేదని చిత్రమే సాక్ష్యమిచ్చుచున్నది. కాని ముప్పదేండ్ల బాలసరస్వతిని, ఆమె నృత్తవేగమును, ఆనాటి కంఠమును చూడగోరువారికి రాయ్ చిత్రము వాని నీయజాలదు. అరగంటకు కొంచెము మించిన యా చిత్రమున వారి యింటి నిధియైన క్షేత్రయ్య పదముల విస్తారమునకు చోటును చాలదు. దర్శకునకు కోరిక పుట్టిన పది సంవత్సరములకు ద్రవ్యము సమకూడెను. ఆ పదేండ్లను మఱి యే ద్రవ్యమును తిరిగి కొనజాలదు.

ఇందులకు ప్రతిగా వేఱొక పద్ధతిని చూపదగును. హాలెండు దేశీయుడైన ఆర్నాల్డ్ బాకె 1938లో దక్షిణదేశమున సంచరించి ధ్వనులను వేఱుగను, మూగచిత్రములను వేఱుగను సంగ్రహించెను. ఆయన యుద్దేశించినది తెఱపై మెప్పించుట గాదు. చూచినదానిని చూచినట్లు నిలుపుట. అందువలననే 1984లో నజీర్ జైరజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ అను పరిశోధకులు ఆ సంగ్రహమును వెంటగొని యవే ప్రాంతములకు పోయి, 46 సంవత్సరములలో నేమి నిలిచినదో, ఏమి మాఱినదో పరీక్షింపగలిగిరి. మెఱుగుపెట్టిన చిత్రము రసికునకు వలయును. మెఱుగుపెట్టని సంగ్రహము చరిత్రకారునకు వలయును. దాతలు సాధారణముగా మొదటిదానికే సొమ్మిత్తురు. కత్తిరించి వేఱుచేసిన చిత్రభాగములను పదిలపఱచుటకు పద్దు వ్రాసినవారరుదు. అర్థగంట చిత్రమునకై గంటలకొలది పట్టిన గానము అట్లు మూలబడినచో, రాగి రేకులపై రాగనామమును చెక్కి స్వరమును విడిచినట్లే యగును.

ఈ నిదర్శనములను వరుసగా పరిశీలించినచో ద్రవ్యసాహాయ్యము సఫలమగుటకు మూడు విషయములు ముఖ్యములని తోచును. మొదటిది కాలము: విద్వాంసుడు జీవించి, శక్తి గలిగియుండగా ధనమందవలయును. రెండవది పరిమాణము: రాగమునకు వలసినంత నిడివి చిత్రమునకుండవలయును, చిత్రమునకై రాగమును కుదింపరాదు. మూడవది నిక్షేపము: పూర్తియైన చిత్రముతోపాటు కత్తిరింపని సంగ్రహమంతయు విద్యార్థులకందుబాటున నుండవలయును. ఎట్టయపుర సంస్థానము వాస్తవచిత్రమనునది యెఱుగదు. అయినను ఈ మూడింటిని పాటించినది. వృద్ధుడగు దీక్షితుడు జీవించియుండగా ధనమిచ్చెను. పుటల సంఖ్యకు హద్దు పెట్టలేదు. దీక్షితులకు తెలిసినదంతయు గ్రంథమున చేర్పనిచ్చెను.

తెలుగుదేశమున నేటికిని పల్లెలందు పూర్వసంప్రదాయమును వహించిన వృద్ధులు గలరు. బుఱ్ఱకథ చెప్పువారు, యక్షగానము లాడువారు, తత్త్వములు పాడువారు, దేవాలయ నాగస్వర విద్వాంసులు వారిలో నున్నారు. వారి గానమును నిలుపుటకు పరికరములు పూర్వమువలె దుర్లభములు కావు. కాని యొక గ్రామమున మాసములకొలది నివసించి, వారి సమ్మతితో వారి సంగీతమునంతను సంగ్రహించి, వారికి తగిన భృతి నిచ్చి, ఆ సంగ్రహమును పదిలపఱచు కార్యమునకు నేటికిని ధనమే యాధారము. ఏ సంస్థయైనను అట్టి ధనమొసంగదలచినచో మొదట విచారింపవలసినది చిత్రమునకు ప్రశంస వచ్చునా యని గాదు. ఆ వృద్ధుని వయస్సెంత యని.